24 సూదులు: షెల్టర్‌లో చేతిపనుల గది, ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టకముందు

ఇంట్లో దెబ్బలు తట్టుకోలేక బయటికొచ్చిన ఆడవాళ్లు కొన్నాళ్లు తలదాచుకునే షెల్టర్ అది. అక్కడ వారానికోసారి, రెండు గంటల పాటు కుట్లు, అల్లికలు, కాస్త మట్టిపని చేయించడం ఈ ప్రాజెక్టు. నాకు కుట్టుపని వచ్చు, చాలా ఏళ్లుగా నేర్పుతున్నాను. కౌన్సెలింగ్ రాదు. ఈ రెండో మాటే ఎక్కువ గుర్తుపెట్టుకోమని వార్డెన్‌గారు తొలిరోజే చెప్పారు.

నా ప్లాన్ ఇది. 12 వారాలు. ఒక్కొక్కరు ఒక్కో చదరం కుడతారు. 20 సెంటీమీటర్ల గుడ్డముక్కలో నాలుగువైపులా 1 సెంటీమీటరు కుట్టులోకి పోతే 18 మిగులుతుంది. అలాంటివి అడ్డంగా 5, నిలువుగా 6 కలిపితే 90 × 108 సెంటీమీటర్ల బొంత. దాన్ని చివర్లో ఎగ్జిబిషన్‌లో పెట్టాలని డబ్బిచ్చిన వాళ్ల ఆశ. నాకూ ఆశే, అబద్ధం ఎందుకు.

షెల్టర్ ఎక్కడుందో ఈ డైరీలో రాయను. పేర్లు రాయను. మనుషుల్ని అక్కడక్కడ కావాలనే కలగలిపాను. కొలతలు, నా తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

సామాను సర్దుకోవడానికే పదిరోజులు పట్టింది. ఆర్డర్లన్నీ మా ఇంటి అడ్రసుకే. పెట్టెల మీద చీటీలు చింపేసి గానీ లోపలికి తీసుకెళ్లకూడదు. ఫోను గేటు దగ్గరే ఇచ్చేయాలి. ఫోటో తీస్తే ఆ ఫైల్లో ఎక్కడ తీశామో కూడా నమోదై ఉండొచ్చన్న సంగతి నాకు తెలుసు గానీ, దాని అర్థం ఇంత సూటిగా ఎప్పుడూ తగల్లేదు. ఇల్లు వదిలి వచ్చేసిన తర్వాతి రోజుల్లోనే ప్రమాదం ఎక్కువట, కొట్టినవాళ్లు అప్పుడే గట్టిగా వెతుకుతారట. అందుకని ఒక్క ఫోటో కూడా వద్దు, చేతులవి కూడా. చేతికి మచ్చ ఉండొచ్చు, ఉంగరం ఉండొచ్చు.

సూదులు, కత్తెర్లు లెక్కపెట్టి ఇవ్వాలి, లెక్కపెట్టి తీసుకోవాలి. షెల్టర్లో చిన్నపిల్లలుంటారు. తమకు తాము హాని చేసుకునే స్థితిలో ఎవరైనా ఉండొచ్చు కూడా. ముదురు రంగు ఫెల్టు ముక్క మీద వరసకు 6 చొప్పున 4 వరసల్లో సూదులు గుచ్చాను, మొత్తం 24. వాటిలో 16 మొండి సూదులు, మ్యాటీ క్లాత్ (గళ్లగళ్లుగా నేసిన ముతక గుడ్డ) మీద క్రాస్ స్టిచ్‌కి, అంటే ఇంటూ గుర్తులా వేసే కుట్టుకి. మిగతా 8 మామూలు మొన సూదులు. ఒకటి లేకపోతే ఖాళీ కళ్లకు కనిపిస్తుంది, నోటితో లెక్క అడగక్కర్లేదు. కత్తెర్లు 4, అట్టమీద వాటి ఆకారం గీసి ఆ గీతల్లోనే పెడతాం. ఈ ఉపాయం మెకానిక్ షెడ్లలో చూసి నేర్చుకున్నదే.

1వ వారం

ముగ్గురు వచ్చారు. గది మధ్యలో బల్ల వేసి చుట్టూ ఆరు కుర్చీలు వేశాను, అందరూ అందరికీ కనిపిస్తారని. ఎవరూ కూర్చోరే! ఒకామె గోడ దగ్గరే నిలబడింది. ఇంకొకామె కుర్చీ లాక్కుని మూలకు పోయింది. కాసేపటికి అర్థమైంది. తలుపు వైపు వీపు పెట్టి కూర్చోవాల్సిన కుర్చీలు మూడున్నాయి, వాళ్లు ముగ్గురూ వాటినే తప్పించుకుంటున్నారు. బల్లని గోడవారగా జరిపాం. ఇప్పుడు ఎవరి వెనకా ఎవరూ నడవడానికి చోటు లేదు. తలుపు తీసే ఉంచాం, గడియ పెట్టలేదు.

తర్వాత రంగులు. 40 రంగుల దారం లచ్చీలు పరిచి, "మీకు నచ్చిన రంగు తీసుకోండి" అన్నాను. ఇందులో కష్టం ఏముందనుకున్నాను. కిటికీ దగ్గరామె చెయ్యి చాపింది, వెనక్కి తీసుకుంది. "మీరే ఇవ్వండి మేడమ్" అంది. "కాదు, మీ ఇష్టం" అన్నాను. "నాకు తెలీదు. మీరు ఏది చెబితే అది." ఆమె మొహం చూసి నేనే నీలం తీసి ఇచ్చేశాను.

ఇంటికొచ్చాక ఆ నీలం లచ్చీయే గుర్తొస్తోంది. ఏం వండాలో, ఏం కట్టుకోవాలో, ఎవరితో మాట్లాడాలో ఏళ్ల తరబడి ఇంకొకరు చెబుతుంటే విన్న మనిషి ముందు 40 రంగులు పరవడం దయ కాదు, పరీక్ష. పోనీ నేనే ఎంచి ఇవ్వడమంటే ఆ పాత అలవాటుకి ఇంకో మేకు కొట్టడం. వచ్చేవారం రెండే రంగులు పెడతాను.

2వ వారం

రెండు రంగులు పెట్టడం పనిచేసింది. నారింజా, ఆకుపచ్చా? ఆకుపచ్చ. దానికి పట్టింది రెండు సెకన్లు.

ఈరోజు అసలు సమస్య "సారీ". ముడి పడితే సారీ. దారం అయిపోతే సారీ. కుట్టు వంకర పోయిందని ఒకామె గుడ్డని ఒళ్లో దాచేసుకుంది. నేను పక్కనుంచి వంగి చూడబోతే భుజాలు బిగుసుకుపోయాయి. తప్పు నాదే, అడక్కుండా దగ్గరికి వెళ్లాను. ఎదురుగా కూర్చుని నా గుడ్డ మీదే చేసి చూపించాలి గానీ, వాళ్ల చేతిలోది అందుకోకూడదు. ఇన్నేళ్లూ క్లాసుల్లో "ఇలా ఇవ్వండి, నేను చేస్తా" అని ఎన్నిసార్లు లాక్కున్నానో!

విరామంలో పాఠం మార్చేశాను. కుట్టడం కాదు, ముందు ఊడదీయడం నేర్పుతానన్నాను. గుడ్డ పట్టీల మీద నేను గబగబా ఏవో గీతలు కుట్టి ఇచ్చాను, వాళ్ల పని విప్పడమే. మిషను కుట్టయితే ఒకవైపు ప్రతి నాలుగో కుట్టునీ తెంపి, రెండోవైపు దారం పట్టుకుని లాగితే పొడవునా వచ్చేస్తుంది. చేతి కుట్టయితే సూదిలోంచి దారం తీసేసి, మొండి సూదితో ఒక్కో కుట్టూ పైకెత్తాలి. విప్పాక మిగిలే రంధ్రాల మీద తడి వేలితో రుద్దితే పోగులు మళ్లీ దగ్గరికొస్తాయి. ముతక గుడ్డ తొందరగా కోలుకుంటుంది, సన్నటి గుడ్డ మీద గుర్తు కొన్నాళ్లుంటుంది.

దారం పొడవునా సర్రున వచ్చినప్పుడు మూలనున్నామె ఫక్కున నవ్వింది. "ఇంకోటివ్వండి, ఇది బావుంది" అంది. ఆ రెండో గంటంతా నేను కుట్టడం, వాళ్లు పీకెయ్యడం. ఇంత ఉపయోగం లేని పని ఇంత సరదాగా ఎవరూ చేసి ఉండరు. విప్పిన పట్టీల్ని పారెయ్యబుద్ధి కాక సంచిలో వేశాను.

3వ వారం

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

అమెరికాలో క్లోత్స్‌లైన్ ప్రాజెక్ట్ అని ఉంది. 1990లో కేప్ కాడ్ ప్రాంతంలోని హయానిస్‌లో మొదలైంది. హింసని భరించిన ఆడవాళ్లు చొక్కాల మీద తమ మాటలు, బొమ్మలు వేసి, బట్టలు ఆరేసే తాడు మీద అందరికీ కనిపించేలా వేలాడదీశారు. మొదటిసారి 31 చొక్కాలు. ఇంటి గుట్టు వీధిలో ఆరేసుకోకూడదని మాట ఉంది కదా, సరిగ్గా దాన్నే తిరగేశారు. ఆ ఊహ నచ్చి, బొంత గుడ్డ కోసం తెలిసినవాళ్లని పాత చొక్కాలు అడిగాను. రెండు సంచులు వచ్చాయి. నేను విప్పి చూడకుండానే గదిలో బల్లమీద కుమ్మరించాను.

అన్నీ మగవాళ్ల చొక్కాలు. ఉతికినవే, కానీ షేవింగ్ లోషన్ వాసన, సిగరెట్ వాసన గుడ్డల్లో అలాగే ఉంది. నాకు ఆ వాసన తెలియనైనా తెలియలేదు. కిటికీ దగ్గరామె లేచి వెళ్లిపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. చొక్కాలు మళ్లీ సంచుల్లో కుక్కి, బయట పెట్టి, కిటికీలన్నీ తెరిచాం.

ఇకనుంచి కొత్త నూలు గుడ్డే. రెండుసార్లు ఉతికి తేవాలి, ఎలాగూ కుట్టే ముందు కుదించుకోనివ్వాలి కాబట్టి. ఘాటైన జిగురు వద్దు, స్ప్రే రంగులు వద్దు. ప్యాకింగ్ టేపు చర్రున లాగే చప్పుడు కూడా వద్దని వార్డెన్‌గారు చెప్పారు.

4వ వారం

మట్టి. గాలికి ఆరే రకం, బట్టీ అక్కర్లేదు. పలక మందం 6 నుంచి 8 మిల్లీమీటర్లుంటే రెండు మూడు రోజుల్లో పగుళ్లు లేకుండా ఆరుతుంది. అంతకంటే మందమైతే పైన ఆరి లోపల తడి మిగిలి చీలుతుంది. అతికే చోట రెండు వైపులా సూదితో గీరి, మట్టినీళ్లు రాసి నొక్కాలి. సగం గిన్నెలు చీలాయి, ఎందుకంటే అందరూ మందంగానే చేశారు. పిల్లలు మాత్రం పాములు చేశారు, పాములకి పగుళ్లు పట్టింపు లేదు.

మట్టిముద్దని బల్లకేసి కొట్టి గాలి పోగొట్టడం నాకు అలవాటు. మొదటి దెబ్బకే ఇద్దరు ఉలిక్కిపడ్డారు. తర్వాత అరచేత్తో ఒత్తి పిసికాం, అదీ సరిపోయింది.

కొత్తగా వచ్చిన ఒకామె రెండు గంటలూ ఏమీ చేయలేదు, ముద్దని పిసుకుతూనే కూర్చుంది. చివరికి దాన్ని అలాగే కవర్లో పెట్టి ఇచ్చేసింది. డబ్బిచ్చిన వాళ్ల ఫారంలో "తయారైన వస్తువుల సంఖ్య" అనే గడి ఉంది. ఆమెకు సున్నా రాయాలి. 2016లో డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు 39 మంది పెద్దవాళ్లకి మట్టి, మార్కర్లు, కొల్లాజ్ సామాను ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమైనది చేసుకోమన్నారు. ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. టెన్షన్‌లో ఉన్నప్పుడు పెరిగే హార్మోన్ అది. దాదాపు నాలుగింట మూడొంతుల మందిలో తగ్గింది. వాళ్లు ఆరోగ్యంగా ఉన్న మామూలు మనుషులు, షెల్టర్లో ఉన్నవాళ్లు కాదు. అందుకని దాన్ని నేను జెండాలా ఊపను. అయితే అనుభవం ఉన్నా లేకపోయినా ఆ తగ్గుదల కనిపించిందన్న ఒక్క ముక్క ఈ మట్టి పిసికినామె విషయంలో నాకు ధైర్యమిచ్చింది. సున్నా పక్కన "రెండు గంటలు కూర్చుంది" అని రాశాను.

5వ వారం

ఎవరూ రాలేదు. ఒకరికి కోర్టు, ఒకరి పిల్లకి జ్వరం, మిగతావాళ్లు నిద్రపోతున్నారట. నిద్ర అంటే మంచిదే. కూర్చుని 30 లచ్చీలు అట్టముక్కలకి చుట్టాను.

6వ వారం

డబ్బిచ్చిన సంస్థ తరఫున ఒకావిడ చూడడానికొచ్చారు. మంచి మనిషి. "మీ బాధనంతా ఈ గుడ్డ మీదకు తీసుకురండి, మనసు తేలికపడుతుంది" అన్నారు. గది ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఆ పూట అందరూ పువ్వులే కుట్టారు. ఒకటే రకం పువ్వు, ఐదు రేకలు. అడిగినది ఇచ్చేసి గొడవ లేకుండా చేసుకోవడంలో వీళ్లు ఆరితేరినవాళ్లు.

ఆవిడ వెళ్లాక కౌన్సెలర్‌తో చాలాసేపు మాట్లాడాను. జుడిత్ హెర్మన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1992లో రాసిన పుస్తకంలో కోలుకోవడానికి మూడు దశలు చెప్పారు: ముందు భద్రత, ఆ తర్వాత జరిగినదాన్ని తలచుకుని దుఃఖించడం, ఆ తర్వాత మళ్లీ మనుషుల్లో కలవడం. షెల్టర్లో ఉన్నవాళ్లు చాలామంది మొదటి మెట్టు మీదే ఉన్నారు, అదీ ఒక కాలు మీద. నేను వాళ్లని రెండో మెట్టుకి లాగకూడదు. బొమ్మలతో, రంగులతో గతాన్ని తవ్వి తీయడం ఆర్ట్ థెరపిస్టు పని, దానికి వేరే చదువుంది. నాది కుట్టు గది.

అందుకని గోడమీద మూడు వాక్యాలు రాసి అంటించాం. ఇది ఏమిటని ఎవరినీ అడగం. ఎవరి గుడ్డనీ అడక్కుండా ముట్టుకోం. ఎప్పుడైనా లేచి వెళ్లొచ్చు, కారణం చెప్పక్కర్లేదు.

వాళ్లంతట వాళ్లే చెప్పడం మొదలుపెడితే? వింటాను. నా కుట్టు ఆపకుండానే వింటాను, ఎందుకంటే కుట్టు ఆపి కళ్లలోకి చూస్తే మాట ఆగిపోతోంది. తవ్వను. "కౌన్సెలర్‌కి చెప్పమంటారా?" అని అడుగుతాను. ఎవరికీ చెప్పనని మాత్రం ఎప్పుడూ మాటివ్వను, పిల్లలకి ప్రమాదం ఉందని తెలిస్తే చెప్పి తీరాలి.

7వ వారం

లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఒక గుడ్డ ఉంది. దాదాపు 1830 నాటిది. ఎలిజబెత్ పార్కర్ అనే పనిపిల్ల తెల్లటి నారగుడ్డ మీద ఎర్రపట్టు దారంతో, బొమ్మల్లేకుండా, అక్షరాలే క్రాస్ స్టిచ్‌లో కుట్టుకుంటూ పోయింది. పనిచేసిన ఇంట్లో యజమాని పెట్టిన హింస, మెట్ల మీంచి తోసేయడం, చచ్చిపోదామనుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. వరస తర్వాత వరస నింపి, ఒక వాక్యం మధ్యలో ఆగిపోయింది. కింద గుడ్డ ఖాళీ. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది, ఊళ్లో పిల్లలకి చదువు చెప్పింది.

ఈ సంగతి చెప్పాలా వద్దా అని వారంపాటు ఆలోచించి, కౌన్సెలర్‌ని అడిగి, దారం ఎక్కిస్తూ మామూలుగా చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దావిడ ఒకరు తలెత్తకుండానే అడిగారు, "మధ్యలో ఎందుకాపేసిందట?" ఏం చెప్పను? ఆవిడే చెప్పేశారు: "ఎర్రదారం అయిపోయుంటుంది."

అందరూ నవ్వారు. నాకైతే ఆ గుడ్డ గురించి ఇంతకంటే మంచి మాట వింటాననిపించడం లేదు.

తర్వాత కిటికీ దగ్గరామె (ఈమె మళ్లీ వస్తోంది, 3వ వారం తర్వాత రెండుసార్లు రాలేదు) అక్షరాలు కుట్టడం నేర్పమంది. ఆమెకి చదవడం, రాయడం అంతగా రాదు. గళ్ల కాగితం మీద వేద్దామని కూర్చున్నాం. మన అక్షరాలు గళ్లలో ఇమడవు! ఇంగ్లీషు అక్షరానికి అడ్డం 5, నిలువు 7 గళ్లు చాలు. మన గుండ్రాలకి, తలకట్లకి, సుడులకి 12 గళ్లు ఇచ్చినా మెట్లుమెట్లుగా వస్తోంది. క్రాస్ స్టిచ్ వదిలేసి గొలుసు కుట్టుకి మారాం. గొలుసు కుట్టు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఆరు పోగుల దారంలోంచి మూడు పోగులు తీసి, వంపు దగ్గర కుట్టు చిన్నది చేసి, తిన్నగా ఉన్నచోట కాస్త పొడుగు చేస్తే తెలుగు అక్షరం చెప్పినట్టు వింటుంది.

పేరు వద్దంది. పేరు గుడ్డ మీద ఉంటే ఎవరి కంటైనా పడొచ్చు. చాలాసేపు ఆలోచించి "నాది" అని రాసిమ్మంది. పెన్సిలుతో రాసిచ్చాను. "న" తిరగడానికే గంట పట్టింది. మూడుసార్లు విప్పింది. సారీ అనలేదు.

8వ వారం

బొంత ప్లాన్ కూలింది.

మొత్తం తొమ్మిది చదరాలు తయారయ్యాయి. అవి కుట్టినవాళ్లలో నలుగురు ఇప్పుడు ఇక్కడ లేరు. కొందరు ఒక్క రాత్రిలో వెళ్లిపోయారు, ఎక్కడికో మాకు చెప్పరు, చెప్పకూడదు కూడా. వాళ్ల చదరాలు నా పెట్టెలో ఉన్నాయి. అవి ఎవరివి? ఉన్నవాళ్లని అడిగాను, "మీ చదరం బొంతలో కలుపుతారా, మీ దగ్గరే ఉంచుకుంటారా?" ఒక్కరు కూడా కలుపుతామనలేదు. మొహమాటంగా చెప్పారు, చేతిలో గుడ్డని మాత్రం గట్టిగా పట్టుకున్నారు. రెండు బ్యాగులతో వచ్చిన మనుషులు. వాళ్లు కుట్టినదాన్ని కూడా మంచి పని పేరుతో నేను తీసేసుకోబోయానన్నమాట.

ఎగ్జిబిషన్ సంగతి అంతకంటే చిక్కు. ఒకరి చేతికుట్టు ఇంట్లోవాళ్లు గుర్తుపడతారు. పదేళ్లు ఆ చేతి కుట్లు చూసినవాడు దిండుగలీబు అంచు చూసి చెప్పేయగలడు. క్లోత్స్‌లైన్ చొక్కాలకి ఉన్న బలం నిజమే. అయితే వేలాడదీయాలన్న నిర్ణయం తీసుకోవాల్సింది బతికి బయటపడి నిలదొక్కుకున్న మనిషి. ఆ మనిషి తరఫున నేను కాదు.

డబ్బిచ్చిన వాళ్లకి ఏం చెప్పాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే పెద్దావిడే అన్నారు: "వాళ్లకి బొంతే కదా కావాలి? ఆ పీకేసిన పట్టీలు సంచిలో పెట్టావు కదమ్మా, వాటితో కుట్టిద్దాం."

సంచి తెచ్చి కుమ్మరించాను. 2వ వారం నుంచీ, కొత్తవాళ్లెవరొచ్చినా మొదటి పాఠం ఊడదీయడమే కాబట్టి, గుట్ట తయారైంది. ఏ బొమ్మా లేదు, అక్షరం లేదు. వెలుతురుకి పెట్టి చూస్తే సూది దూరిన రంధ్రాల వరసలు మాత్రం కనిపిస్తాయి. ఎవరు విప్పారో చెప్పడం దేవుడి తరం కూడా కాదు.

9వ వారం

పట్టీల్ని అతికి 30 చదరాలు చేశాం. కింద నూలు గుడ్డ, మధ్యలో పల్చటి దూది పొర, పైన చదరాలు. మూడు పొరలూ నేలమీద పరిచి, మధ్యనుంచి అంచులకి అరచేత్తో సర్దుతూ, జానెడుకొకటి పిన్నీసు పెట్టాలి. అంచునుంచి మొదలుపెడితే మధ్యలో బుడగలా ఉబ్బుతుంది. పిన్నీసులు 50 (ఇవీ లెక్కే). ఆ తర్వాత పొడుగ్గా కచ్చా కుట్లు వేసి పిన్నీసులు తీసేశాం.

ఎర్రదారంతో కుడదామన్నారు అందరూ, ఆ పనిపిల్ల కోసం. సరే అన్నాను. దారం రంగు పోతుందో లేదో చూడాలంటే తడి తెల్లగుడ్డలో చుట్టి గంటసేపు ఉంచి చూడాలి. నాకు తెలుసు. పిల్లలకి కూడా నేర్పిన పాఠమే. చూడలేదు. ఇస్త్రీకి ముందు నీళ్లు చిలకరించగానే ఒక మూల నాలుగు చదరాలకి గులాబీ మరకలు.

"సారీ" అన్నాను. గది గదంతా నావైపు తిరిగి, "విప్పేద్దాంలెండి!" అన్నారు, ఒక్కసారే. ఆ మూల విప్పాం. మరక పూర్తిగా పోలేదు, లేత గులాబీ మిగిలింది. మిగతాది దారం ఉడుకునీళ్లలో నానబెట్టి, రంగు రావడం ఆగాకే కుట్టాం.

10వ, 11వ వారాలు

అందరూ అడిగిన పని ఇది: కాగితాలు పెట్టుకునే సంచి. సర్టిఫికెట్లు, ఆసుపత్రి కాగితాలు, పిల్లల పుట్టిన కాగితాలు ప్లాస్టిక్ కవర్లలో నలిగిపోయి ఉన్నాయి. అందం గురించి నేను మాట్లాడుతున్నన్నాళ్లూ వాళ్లు ఎదురుచూసింది దీనికోసమేమో.

కొలతలు రాసి పెడుతున్నా, ఎవరికైనా పనికొస్తాయి. ఏ4 కాగితం 21 × 29.7 సెంటీమీటర్లు. సంచి తయారయ్యాక 27 వెడల్పు, 38 పొడవు ఉండాలి. దానికి 29 × 84 సెంటీమీటర్ల ఒకే ముక్క కత్తిరించి, అడుగున మడత వచ్చేలా రెండుగా మడవాలి. పక్క కుట్లకి చెరో 1 సెంటీమీటరు, పైన బొందు దూర్చే మడతకి రెండువైపులా 4 చొప్పున పోతాయి. ఆ 4 సెంటీమీటర్ల మేర పక్కలు కలిపి కుట్టకండి, కుట్టేస్తే బొందు దూరదు. బొందులు రెండు, ఒక్కొక్కటి 70 సెంటీమీటర్లు, ఎదురెదురు వైపుల నుంచి. పక్కలకి రన్నింగ్ స్టిచ్ (సూది పైకీ కిందకీ పోతూ ముందుకే సాగే కుట్టు) వద్దు, కాగితాల బరువుకి సాగిపోతుంది. బ్యాక్ స్టిచ్ (ప్రతి కుట్టుకీ ఒకడుగు వెనక్కొచ్చి వేసేది) వేసి, అడుగు మూలల్లో రెండుసార్లు తిప్పి ముడేయండి.

లోపల లైనింగ్‌కీ పై గుడ్డకీ మధ్య బయటికి కనిపించని జేబు కావాలని ఒకామె అడిగింది. అంతే, అందరికీ కావాల్సొచ్చింది. ఎక్కడ, ఎలా పెట్టామో ఇక్కడ రాయను. ఎవరి జేబు ఎక్కడుందో పక్కవాళ్లకి కూడా తెలీదు, చూపించుకోలేదు.

సంచులు తొందరగా కావాలని కుట్టుమిషను తెచ్చాను. దాని చప్పుడుకి ఒకామె చెవులు మూసుకుంది. పక్క గదిలోకి మార్చి, మొదలుపెట్టే ముందు ప్రతిసారీ "మిషను వేస్తున్నా" అని కేకేయడం అలవాటు చేసుకున్నాను.

ఎనిమిది సంచులు తయారయ్యాయి. కిటికీ దగ్గరామె తన సంచి మీద ఏమీ కుట్టలేదు, సాదాగా ఉంచింది. "నాది" ముక్కని లోపలి జేబుకి గుడ్డగా వాడేసింది, అక్షరాలు లోపలివైపుకి. అంత కష్టపడి కుట్టినది కనిపించకుండా పోతుందే అని నా నోటిదాకా వచ్చింది. గోడమీద రాసిన వాక్యాలు నాకూ వర్తిస్తాయి కాబట్టి మింగేశాను.

12వ వారం

బొంత పూర్తయింది. 90 × 108, ఒక మూల లేత గులాబీ. సంస్థవాళ్లు వచ్చి చూశారు. ఫోటో లేదు, పేర్లు లేవు, ఎగ్జిబిషన్ లేదు. ఒకాయన రంధ్రాలు చూసి "ఇది ఇంకా కుట్టలేదా?" అని అడిగారు. కుట్టి విప్పామని చెప్పాను. రిపోర్టులో సెషన్లు 12, సంచులు 8, బొంత 1 అని రాశాను. మొదటా చివరా నవ్వుమొహం, ఏడుపుమొహం బొమ్మల మీద టిక్కు పెట్టించే ఫారం ఖాళీగా తిరిగిచ్చాను. ఇంకో 12 వారాలకి డబ్బు ఇస్తారో లేదో ఇంకా చెప్పలేదు. సామాను మిగిలి ఉంది కాబట్టి ఈలోగా వెళ్తూనే ఉంటాను. బొంత షెల్టర్లోనే ఉంటుంది, పనిగది కుర్చీ మీద. చలేస్తే ఎవరైనా కప్పుకోవచ్చు.

సర్దేటప్పుడు ఫెల్టు మీద ఒక ఖాళీ. మూడో వరసలో, మొన సూది. గుండె జారింది. బల్లకింద అయస్కాంతం తిప్పాం, చాపలు దులిపాం, పిల్లల చెప్పులు తిరగేసి చూశాం. రెండు గంటలు వెతికాం. దొరకలేదు. ఆ రాత్రి వార్డెన్‌గారు పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వలేదు.

13వ వారం

కిటికీ దగ్గరామె వెళ్లిపోయింది. నేను పోయినసారి వచ్చి వెళ్లిన రోజు రాత్రేనట. ఎక్కడికో తెలీదు. నిన్న కౌన్సెలర్ ద్వారా నాకో మాట వచ్చింది: "సూది నా దగ్గరుందని అక్కకి చెప్పండి. వెతుక్కుంటూ ఉంటుంది. ఇవ్వను."

రిజిస్టర్లో రాశాను: సూదులు 23. ఒకటి బయట ఉంది. వార్డెన్‌గారు చదివి సంతకం పెట్టారు.

ఈరోజు ఇద్దరు కొత్తవాళ్లు. నారింజ, ఆకుపచ్చ లచ్చీలు బల్లమీద పెట్టాను. వచ్చేవారానికి కావాల్సినవి: ఎర్రదారం (ముందు తడిపి చూడాలి), బొందు 10 మీటర్లు, మొన సూదులు ఒక ప్యాకెట్.